పాన్ విప్పి బిగించాక గేర్లు సరిగ్గా పడకపోతే: 4ఎల్60ఈ ఆటోమేటిక్‌లో తప్పు వెతికే పద్ధతి

సిల్వరాడో, టాహో, సబర్బన్, ఎస్-10 లాంటి పాత షెవర్లే బండ్లలో 1993 నుంచి వచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 4ఎల్60ఈ. అమెరికాలో సొంత గరాజ్‌లో రిపేరు చేసుకునేవాళ్లు దీని ఫిల్టరు, సోలనాయిడ్లు (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు) తరచుగా ఇంట్లోనే మార్చుకుంటారు. పని పెద్ద కష్టమేమీ కాదు. అంతా బిగించాక బండి కదలకపోయినా, గేరు దబ్‌మని పడినా మాత్రం గుండె జారిపోతుంది, గేర్‌బాక్స్ పోయిందనే అనిపిస్తుంది. చాలాసార్లు పోయి ఉండదు. విప్పకముందు బాగా పడిన గేరు బిగించాక పడటం లేదంటే, మీ చెయ్యి తగిలిన చోటే మొదట వెతకాలి.

ఆయిల్ మట్టంతో మొదలుపెట్టండి. పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట, దించితే కారేది సుమారు 5 క్వార్ట్‌లే, అంటే 4.7 లీటర్లు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం), కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. మాన్యువల్‌లో రాసిన మొత్తం కొలత, 11 క్వార్ట్‌ల పైమాట, ఖాళీ గేర్‌బాక్స్‌కి. ఆ లెక్కన పోస్తే ఆయిల్ లోపల తిరిగే భాగాలకు తగిలి నురగ కడుతుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారతాయి. తక్కువ పోసినా పంపు గాలి లాగి అదే పని చేస్తుంది. ఎక్కువైనా తక్కువైనా లక్షణం ఒకటే కాబట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) చూడకుండా ఇంకో క్వార్ట్ పోయకండి.

కొలిచేది ఇలా. బండి చదునైన నేల మీద ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని పీ (పార్క్) నుంచి 1 దాకా ఒక్కో గేరులో మూడు సెకన్లు ఆగుతూ పోయి, మళ్లీ పీకి రండి. ఇంజన్ ఆపకుండానే డిప్‌స్టిక్ చూడాలి. అసలు కొలత ఆయిల్ 82 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాక తీసినదే. ఆయిల్ డెక్స్‌రాన్-6 వాడండి. పాత బండ్ల మీద డెక్స్‌రాన్-3 అని రాసి ఉన్నా దాని బదులు ఇదే పోయొచ్చు.

మట్టం సరిగ్గానే ఉండి కూడా గేరు ఆలస్యంగా తగులుతూ, కింద నుంచి సన్నగా ఈల లాంటి కూత వస్తుంటే ఫిల్టరు సీలును అనుమానించండి. ఈ పనిలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఫిల్టరు మెడను పట్టుకుని ఉండేది ఆ సీలే, బోల్టులు ఉండవు. పాత ఫిల్టరు లాగినప్పుడు పాత సీలు పంపు రంధ్రంలోనే ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది తోస్తే ఫిల్టరు పూర్తిగా ఎక్కదు. సీలు తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో అల్యూమినియం గోడను గీకినా గాలి దారి చేసుకుంటుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టే, పంపు ఎంత లాగినా గాలే వస్తుంది. ఇంకో సంగతి, ఈ గేర్‌బాక్స్‌కి లోతైన పాన్, లోతు తక్కువ పాన్ అని రెండు రకాలున్నాయి. ఫిల్టర్లు కూడా వేరు వేరు, కొనేముందు పాత ఫిల్టరు పక్కన పెట్టి ఎత్తు పోల్చుకోండి.

పాన్ బోల్టులు 16. ఒక్కోదానికి 97 ఇంచ్-పౌండ్లు, అంటే 11 న్యూటన్ మీటర్లు చాలు. కారుతోందని ఇంకా బిగిస్తే పాన్ అంచు వంగి మరింత కారుతుంది.

ఇక కరెంటు సంగతి. డీ (డ్రైవ్)లో పెట్టినా బండి మూడో గేరులోనే బద్ధకంగా కదులుతూ, ఆర్ (రివర్స్)లో, డీలో దబ్‌మని తగులుతుంటే గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకునే స్థితిలోకి వెళ్లిందని అర్థం. గేర్లు మార్చే రెండు షిఫ్ట్ సోలనాయిడ్లకూ కరెంటు అందకపోతే దక్కేది మూడో గేరే. ఆయిల్ ప్రెషర్‌ను అదుపు చేసే ప్రెషర్ సోలనాయిడ్‌కి కరెంటు ఆగితే ప్రెషర్ గరిష్ఠానికి చేరుతుంది, ఆ దెబ్బ అందుకే. బండి కంప్యూటర్ నుంచి తప్పు కోడ్లు చదివే స్కానర్‌లో పీ0753, పీ0758, పీ0748 కలిసి కనిపిస్తే మూడు సోలనాయిడ్లూ ఒకేసారి పోయాయని నమ్మకండి. కేసు పక్కనున్న 20 పిన్నుల గుండ్రటి కనెక్టర్ పూర్తిగా ఎక్కిందా, పిన్ను ఏదైనా వంగిందా, ఫ్యూజు ఎగిరిందా చూడండి. మల్టీమీటరుతో కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు షిఫ్ట్ సోలనాయిడ్ 20 ఓమ్‌లకు కాస్త అటూఇటూ, ప్రెషర్ సోలనాయిడ్ సుమారు 4 ఓమ్‌లు చూపాలి.

వింతగా ఒకటి తర్వాత నాలుగు, ఆ తర్వాత మూడు, చివరికి రెండు పడుతున్నాయా? ఏ, బీ అనే రెండు షిఫ్ట్ సోలనాయిడ్ల ప్లగ్గులు తారుమారయ్యాయి. మొదటి గేరుకి రెండూ ఆన్, మూడోదానికి రెండూ ఆఫ్, కాబట్టి ఆ రెండు గేర్లకూ తేడా తెలియదు. రెండో గేరుకి బీ మాత్రమే, నాలుగోదానికి ఏ మాత్రమే ఆన్ కావాలి, అవే తలకిందులవుతాయి. పాన్ మళ్లీ దించి ప్లగ్గులు మార్చితే సరిపోతుంది.

వాల్వ్ బాడీని (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో నిర్ణయించే దిమ్మ) కూడా దించినవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. గేరు లివర్ కదిలినా బండి ఏ గేరులోనూ స్పందించకపోతే లివర్‌తో కదిలే మాన్యువల్ వాల్వ్ లింకు కొక్కెం జారిపోయి ఉంటుంది. గేర్లు పడే తీరు అర్థంలేకుండా ఉంటే ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే చిన్న గుండు, చెక్ బాల్, ఒకటి చోటు తప్పింది. వాటిని వ్యాజలీన్‌తో అంటించి పెట్టాలి, అది ఆయిల్‌లో కరిగిపోతుంది. గ్రీజు కరగదు, దారులు మూసేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఏ గేర్లు పోయాయో రాసుకోండి. ఒకటి, రెండు, రివర్స్ బాగుండి మూడు, నాలుగులో ఇంజన్ అరుస్తూ బండి లాగకపోతే 3-4 క్లచ్‌లు కాలాయి. ఈ గేర్‌బాక్స్‌కి తరచూ వచ్చే జబ్బు ఇదే. రివర్స్ ఉండి రెండు, నాలుగు మాత్రమే పోతే తప్పు లోపలి డ్రమ్మును బిగించి పట్టే బ్యాండులో లేదా దాన్ని నొక్కే పిస్టన్, సర్వోలో ఉంది. రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతే లోపల మధ్య గేరును తిప్పే గుల్ల, సన్ షెల్, విరిగింది. రివర్స్ ఒక్కటే పోయి, లివర్ 1లో పెట్టినప్పుడు ఇంజన్ బ్రేకింగ్ తగులుతుంటే లో-రివర్స్ క్లచ్ బాగానే ఉంది, తప్పు రివర్స్ ఇన్‌పుట్ క్లచ్‌లో ఉంది.

పాన్‌లోని అయస్కాంతం మీద సన్నటి బూడిదరంగు ముద్ద మామూలే. వేలికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు ఉన్నా, ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తున్నా ఇంక నడపకండి, గేర్‌బాక్స్ కిందికి దించాల్సిందే. మళ్లీ ఎక్కించేటప్పుడు కూలర్‌నీ దాని పైపుల్నీ కడగండి, లేదంటే అందులో మిగిలిన ముక్కలు మొదటి రోజే కొత్త క్లచ్‌ల దాకా చేరతాయి.