నోడ్ పర్మిషన్ పెట్టారా? సిమ్‌లింకులు కూడా చూసుకోండి

పలాస జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగ్ యాప్‌లు రాసిపెట్టే తమ్ముళ్లూ, నోడ్‌ను (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే Node.js), ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కట్టడి చేసే పర్మిషన్ ఆప్షన్‌తో నడుపుతూ "ఇన్‌వాయిస్ ఫోల్డర్ ఒక్కటే చదవనిచ్చాం కదా" అని నిశ్చింతగా ఉండకండి. ఆ ఫోల్డర్‌లో బయటికి పోయే సిమ్‌లింక్ (వేరేచోట ఉన్న ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) ఒక్కటున్నా నోడ్ దాని వెంటే పోయి అవతలి ఫైల్ చదివేస్తుంది. ఈ సంగతి వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, చదివేదెవరు! ఫైండ్ (find) కమాండ్‌కు ఫోల్డర్ పేరు, -type l ఇచ్చి చూడండి, లింకులన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి పీకేయండి. 2023లో నోడ్ 20తో వచ్చిన ఈ సదుపాయంలో తర్వాత వేరే లోపాలూ దొరికాయి, అందుకే వెర్షన్ అప్‌డేట్ తప్పనిసరి. నన్నడిగితే అసలు కాపలా ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌దే. యాప్‌ను వేరే యూజర్‌తో నడపండి, దానికి పనిలేని బ్యాకప్‌లు, కీ ఫైళ్లు రూట్ (అడ్మిన్ యూజర్) పేరున 600 మోడ్‌లో, అంటే యజమాని తప్ప మామూలు యూజర్లెవరూ చదవలేకుండా, రాయలేకుండా పెట్టండి.