వేడెక్కితే మసకబారే లేజర్ డయోడ్

పాత పరికరంలోంచి తీసిన 5.6 మిల్లీమీటర్ల ఎర్ర డయోడ్ వెలిగించగానే బాగుండి, కాసేపటికి మసకబారేది. కరెంటు మాత్రం మారలేదు, కాబట్టి డ్రైవర్ (డయోడ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) తప్పు కాదు. వేడెక్కే కొద్దీ థ్రెషోల్డ్ కరెంటు (లేజర్ వెలుగు మొదలవడానికి కావలసిన కనీస కరెంటు) పెరుగుతుంది, అదే కరెంటుకు వెలుగు తగ్గుతుంది. రాగి మాడ్యూల్‌లో బిగించి, థర్మల్ పేస్టు పలుచగా రాసి, అల్యూమినియం హీట్‌సింక్‌కు పట్టిస్తే నిలకడగా వెలిగింది. చాలా డయోడ్లలో కేసు (లోహపు తొడుగు) ఒక పిన్నుకు కలిసే ఉంటుంది, అందుకే హీట్‌సింక్ ఇంకెక్కడా తగలకూడదు.

పరీక్షకు స్థిర కరెంటు డ్రైవరే వాడాలి, ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని. సున్నా నుంచి మెల్లగా పెంచితే ఒకచోట వెలుగు ఒక్కసారిగా ఎగబాకాలి. ఎంత పెంచినా ఎల్ఈడీలా గుడ్డి వెలుగే వస్తే అది పోయినట్టే. డ్రైవర్ కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి కూడా డయోడ్‌ను చంపగలదు; పవర్ ఆపి, అవుట్‌పుట్ తీగలు షార్ట్ చేశాకే డయోడ్‌ను కలపాలి. పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) అవసరమైతేనే పెట్టండి, అతిగా చల్లబరిస్తే డయోడ్ గాజు మీద చెమ్మ పడుతుంది.