యుద్ధంలో మరణించిన రైతు కుటుంబపు అన్నదమ్ముల వివరాలు ఎలా వెతకాలి?

మీ ముత్తాత అన్నదమ్ములు పొలం పనులు వదిలి పటాలంలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదన్న మాట తరతరాలుగా వింటూ ఉంటే, వారు ఎక్కడ, ఏనాడు మరణించారో తెలుసుకోవడానికి ఇప్పటికీ మార్గం ఉంది.

వెతుకులాట ఇంట్లోనే మొదలుపెట్టాలి. అటక మీది ట్రంకుపెట్టెలో పతకాలు దొరికితే వాటి అంచును భూతద్దంతో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇచ్చిన పతకాల అంచు మీద సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు ఉంటాయి. నల్లబడ్డాయని చింతపండుతో తోమవద్దు. ఆ అక్షరాలు అరిగిపోతే ఆధారమే పోతుంది. పేరు మాత్రమే ఉన్న గుండ్రటి కంచు ఫలకం కనిపిస్తే, అది ఆ యుద్ధంలో మరణించినవారి కుటుంబానికి పంపినది.

తర్వాత, రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన బ్రిటిష్, భారత తదితర కామన్వెల్త్ సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1947 డిసెంబరు 31 వరకు సైన్యంలో ఉండి మరణించినవారిని లెక్కలోకి తీసుకున్నారు కనుక, పోరు ముగిశాక జబ్బుతో పోయినవారి పేర్లు కూడా అందులో ఉంటాయి. అయితే ఇంటిపేరుతో వెతికితే తెలుగువారు దొరకడం కష్టం. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసిన పేర్లవి. అందువల్ల అదనపు సమాచారం అన్న గడిలో తండ్రి పేరును, ఊరి పేరును రకరకాల స్పెల్లింగులతో ఇచ్చి చూడాలి. జిల్లా పేరు ఆనాటిదే ఇవ్వాలి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది కాబట్టి, మొదటి యుద్ధానికి వెళ్లిన ఏలూరు, భీమవరం ప్రాంతాల సిపాయిని కృష్ణా జిల్లా కింద వెతకాలి. శ్రీకాకుళం జిల్లా 1950 వరకు లేదు. రెండు రికార్డుల్లో ఒకే తండ్రి, ఒకే ఊరు కనిపిస్తే, వారు అన్నదమ్ములే అయి ఉండవచ్చు.

ఒకరు దొరికిన చోటే రెండోవారు కూడా ఉంటారని అనుకోకూడదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో థాచర్ అనే ఊరి రైతు కుటుంబమైన బోర్గ్‌స్ట్రోమ్‌ల నలుగురు కొడుకులు 1944లో ఆరు నెలలైనా నిండకుండానే మరణించారు. ఒకరు గ్వాడల్‌కెనాల్ దీవిలో, ఒకరు ఇటలీలో పోగా, చివరి ఇద్దరైన కవలల్లో ఒకరు ఇంగ్లండులో, మరొకరు ఫ్రాన్సులో పోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. మీరు కూడా ప్రతి పేరునూ విడిగా, ప్రతి రణరంగంలోనూ వెతకాలి.

1947 తర్వాతి యుద్ధాలకైతే, 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని పేర్లు చూడాలి.

సమాధి లేదని వెతకడం ఆపవద్దు. బర్మా పోరులో మరణించి సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మాత్రం భారత సైన్యానికి సంబంధించి అధికారుల పేర్లే చెక్కి, భారతీయ సిపాయిల పేర్లు వదిలేశారు. ఇది క్షమించరాని అన్యాయం. కనుక మీవారి రికార్డులో బస్రా అని ఉంటే, రాతి మీది పేరు కోసం ఫోటోలు వెతకకుండా, వెబ్‌సైటులోని ఆ పేజీనే అచ్చు తీసి, ఇంట్లోని పెద్దవారికి చదివి వినిపించి, తండ్రి పేరు సరిపోయిందో లేదో అడగండి.