ఒంటిపూట బడి మొదలయ్యాక చిన్నపిల్లల రోజును ఎలా సర్దుకోవాలి?

మార్చి సగానికి వచ్చేసరికి మా వీధిలో పిల్లలున్న ప్రతి ఇంటి పద్ధతీ మారిపోతుంది. ఒంటిపూట బడులు మొదలవుతాయి. మామూలుగా పొద్దున్న 7:45కి గంట కొట్టి 12:30కి వదిలేస్తారు. సర్కారు బడిలో మధ్యాహ్నం భోజనం పెట్టే పంపుతారు గనక తిండికి ఇబ్బంది లేదు. చిక్కల్లా ఒకటే. సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పిల్లలు ఇల్లు చేరతారు. అక్కణ్ణుంచి రాత్రి పడుకునేదాకా మన చేతుల్లోనే ఉంటారు. ఆ ఎనిమిది గంటలు ఎలా గడుస్తాయన్నదాన్ని బట్టే ఉగాది నుంచి వేసవి సెలవుల దాకా ఇల్లు నడుస్తుంది.

మాది కోనసీమలో కాలవ గట్టు ఊరు. రెండో తరగతి చదివే బాబు, మూడేళ్ల పాప. నాలుగేళ్లుగా మా అత్తయ్యగారి దగ్గర నేర్చుకున్నవీ, డాక్టర్లు చెప్పినవీ, నాకు స్వయంగా తెలిసొచ్చినవీ కలిపి ఈ పద్ధతి కుదుర్చుకున్నాం.

1. రోజును ఎండను బట్టి రెండు ముక్కలు చేయండి

మన డెల్టాలో బాధంతా ఉక్కబోతతోనే. చేలల్లో నీళ్లు, పక్కన కాలవ, కాస్త దూరంలో సముద్రం. గాలిలో తడి ఎక్కువ కాబట్టి ఒంటి మీది చెమట ఆరదు. చెమట ఆరితేనే గదా ఒళ్లు చల్లబడేది! అందుకే రాయలసీమ కన్నా ఇక్కడ ఎండ తక్కువని టీవీలో చెప్పిన రోజున కూడా పిల్లలు తోటకూర కాడల్లా వాడిపోతారు.

అందుకని పొద్దున్న 11 నుంచి సాయంత్రం 4 దాకా, బడిలో లేని వేళంతా ఇంట్లోనే. ఆటలన్నీ తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ. దీనికి పిల్లలు పొద్దున్న అయిదున్నరకల్లా లేవాలి. బడి వేళ మారిన రోజునే లేపితే ఏడుపు తప్పదు. వారం ముందు నుంచే రోజుకో పది నిమిషాలు ముందుగా పడుకోబెడుతూ రండి. మూడేళ్ల లోపు పిల్లలకి మధ్యాహ్నం నిద్ర ఉండాలి, కానీ నాలుగు దాటనివ్వకండి. దాటితే ఆ రాత్రి పదకొండింటికి కూడా ఇల్లంతా తిరుగుతూనే ఉంటారు.

2. పొద్దుటి తిండి రాత్రే తయారుచేసి పెట్టుకోండి

ఏడింటికల్లా బయలుదేరాల్సిన పిల్లాడికి ఇడ్లీలు వండిపెట్టే వ్యవధి ఎవరికుంటుంది? చద్దన్నం మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన దారి. రాత్రి మిగిలిన అన్నం మెత్తగా మెదిపి, మునిగేలా గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడు పెట్టి మూతేయండి. తెల్లారేసరికి కమ్మగా తోడుకుని ఉంటుంది. కాస్త ఉప్పు, చిన్న ఉల్లిపాయ ముక్కలు, ఏడేళ్లవాడికైతే నంజుకోడానికి లేత మామిడికాయ బద్ద. అంతే.

అత్తయ్యగారు తరవాణి కుండ కూడా పెడతారు, అంటే అన్నం, గంజి నీళ్లలో పులియబెట్టేది. పెద్దలకి అది అమృతమే గానీ ఆ పులుపు మూడేళ్లవాళ్లు ఓర్చుకోలేరు. వాళ్లకి తోడు పెట్టిన అన్నమే చాలు. అది కూడా పొద్దున్నే తినేయాలి. ఎనిమిది దాటితే పులిసిపోతుంది, డబ్బాలో పెట్టి బడికి పంపకండి.

3. దాహం వేయకముందే నీళ్లు

ఆటలో పడ్డ పిల్లలకి దాహం తెలియదు. గంటకోసారి పిలిచి తాగించాలి. సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి పంపండి, ఇంటికొచ్చాక ఎంత మిగిలిందో చూడండి. సీసా నిండుగా తిరిగొస్తే ఆ రోజు ఏమీ తాగలేదన్నమాట. ఒంటేలు పసుపు ముదిరినా, పూటంతా పోయకపోయినా నీళ్లు చాలలేదని అర్థం.

ఇంటికి రాగానే పలచని ఉప్పు మజ్జిగ. సాయంత్రం బొండాం నీళ్లు, లేదంటే రాగి అంబలి. బడి గేటు దగ్గర అమ్మే రంగు ఐసులు నేను కొననివ్వను. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు, మన దగ్గర విరేచనాలు మొదలయ్యేదీ ఈ నెలల్లోనే.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పండ్ల రసంలా తియ్యగా అట్టపెట్టెల్లో అమ్మేవి ఓఆర్ఎస్ కావు.

ఆరు నెలలు నిండని పసివాళ్లకి మాత్రం ఎంత ఎండలోనైనా తల్లిపాలే. నీళ్లు కూడా పట్టకూడదు. నాలిక తడపాలని చెంచాడు నీళ్లు పోసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది, దయచేసి ఆపండి. పాలు పట్టే సార్లు పెంచండి, తల్లి నీళ్లు ఎక్కువ తాగాలి.

ఒళ్లు కాలిపోతూ, పిల్ల మగతగా, పిలిస్తే సరిగా పలక్కుండా ఉంటే అది మామూలు జ్వరం అనుకోవద్దు. నీడకి చేర్చి, బట్టలు తీసేసి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. మగతలో ఉన్న పిల్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

4. మధ్యాహ్నం ఇంట్లో

కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టే అలవాటు మాకూ ఉండేది. ఉక్కబోత రోజుల్లో అవి ఇంకా తడిని పెంచుతాయి. గాలి ఇటు నుంచి అటు పోయేలా ఎదురెదురు కిటికీలు తెరవడమే మేలు. చెమటకాయలకి పౌడరు మందంగా అద్దకండి, రంధ్రాలు పూడుకుపోతాయి. రెండు పూటలా స్నానం, మడతల్లో తడి లేకుండా తుడవడం, పలచని నూలు చొక్కా. వాటంతటవే తగ్గుతాయి.

ఇంకొక మాట. తోటలో నీడగా ఉందని కొబ్బరిచెట్టు కింద మంచం వేసి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. కాయ గానీ, ఎండు కమ్మ గానీ ఊడిపడితే పెద్దవాళ్లకే దెబ్బ, పసివాళ్ల మాట చెప్పాలా? మంచం మామిడిచెట్టు కిందో వేపచెట్టు కిందో వేయండి.

దాళ్వా (రెండో పంట వరి) చేలకి మందు కొట్టే రోజుల్లో తలుపులు మూసి ఉంచండి. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్లకి వాడకండి. ఉన్న డబ్బాలు తాళం వేసిన చోట ఉండాలి.

5. కాలవ, చెరువు, బకెట్

నా గుండె కొట్టుకునేది ఇక్కడే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలవల వెంట మన వాకిళ్ల ముందుకి వచ్చాయి. ఈ అన్నమంతా ఆ నీళ్లదే. బట్టల రేవు, గేదెల రేవు, బోదె, అన్నీ పిల్లల నడక దూరంలోనే. బడి పన్నెండున్నరకే వదిలేస్తే, పెద్దవాళ్లు కునుకు తీసే వేళకి పిల్లలు ఎటు వెళ్తారో మనందరికీ తెలుసు.

ప్రమాదం ఒక్కచోట నిలిచి ఉండదు, నెలనెలా చోటు మారుతుంది. ఏప్రిల్‌లో దాళ్వా చేతికొచ్చాక కాలవలు కట్టేస్తారు. దానికి ముందు ఊరి మంచినీళ్ల చెరువులు నిండుగా నింపుకుంటారు. కాలవ ఎండింది గదా అని మనం ఊపిరి పీల్చుకునే వేళకి చెరువు గట్టు దాకా నీళ్లుంటాయి. ఎండిన కాలవలో కూడా తూముల దగ్గర, వంతెనల కింద లోతు మడుగులు మిగిలిపోతాయి. పైకి మోకాలి లోతులా కనిపిస్తాయి, దిగితే బురదలో కాలు కూరుకుపోతుంది.

మేం పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. పెరటి తడికకి పిల్లలకి అందని ఎత్తులో గొళ్లెం. మధ్యాహ్నం పూట ఇంట్లో ఒక్కరు కచ్చితంగా మేలుకుని ఉండాలి, ఎవరి వంతో ముందే అనుకోవాలి. "నువ్వు చూస్తున్నావనుకున్నాను" అన్న మాటతోనే చాలా ఇళ్లలో ఘోరాలు జరిగాయి. చిన్నదాన్ని చూసే బాధ్యత ఏడేళ్ల అన్నకి అప్పగించకూడదు. రేవుకి వెళ్తే పిల్ల మన చెయ్యి చాపితే అందేంత దగ్గరుండాలి, బట్టలు ఉతుకుతూ ఓరకంట చూడటం చాలదు. మునిగే బిడ్డ అరవదు, చేతులు కొట్టదు. చప్పుడు చెయ్యకుండా జారిపోతుంది.

నాకు ఇది నీళ్ల బకెట్ దగ్గర తెలిసింది. పాపకి ఏడాదిన్నర అప్పుడు నూతి దగ్గర సగం నీళ్లున్న బకెట్‌లోకి తలకిందులుగా వంగిపోయింది. నేను నాలుగడుగుల దూరంలో గిన్నెలు తోముతున్నాను, ఏ చప్పుడూ వినిపించలేదు. అత్తయ్యగారు చూసి లాగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడగానే బకెట్ బోర్లించాల్సిందే, నీళ్ల గోలేనికి బరువైన మూత ఉండాల్సిందే.

ఆరేళ్లు దాటిన పిల్లలకి ఈత నేర్పించండి. మా ఆయన రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి, బాబు నడుముకి బిగించి, గుండెలోతు నీళ్లలో పక్కనే నిలబడి నేర్పారు. కాయలు కట్టాం గదా అని చెయ్యి వదిలేయకూడదు, ముడి జారొచ్చు.

ఎవరైనా పడిపోతే ఈత రాని పిల్లలు వెంట దూకకూడదని పదేపదే చెప్పండి. కేకలేయాలి, కర్ర గానీ తాడు గానీ ఖాళీ డబ్బా గానీ అందించాలి. పైకి తీశాక కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో చూస్తుంటాం. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ నొక్కాలి, ఇంకొకరు 108కి చెప్పాలి. ఇవి చేతులతో చేసి చూపించేవాళ్ల దగ్గర ముందే నేర్చుకోండి.

6. ఉగాది పచ్చడి పిల్లల చేత చేయించండి

ముందురోజు తెల్లవారుజామునే వేపచెట్టు కింద పాత పంచె పరిచి కొమ్మ ఊపితే పువ్వు రాలుతుంది. కాడలు ఏరడం మూడేళ్లవాళ్లకి ఎంతో ఇష్టమైన పని. కొత్త చింతపండు పిసకడం పెద్దవాడికి, బెల్లం దంచడం నాన్నకి. మామిడికాయ, ఉప్పు, కారం నేను. ఒక్కొక్కరు ఒక్కో రుచికి కాపలా. చేదు తినలేదని పిల్లల్ని కసరకండి. వేలితో నాకినా చాలు. తేనె వేసే ఇళ్లవాళ్లు ఏడాది నిండని పిల్లలకి అది నాకించొద్దు. శ్రీరామనవమి పానకంలో మాత్రం పిల్లల గ్లాసుకి మిరియాలు తగ్గించండి.

7. అమ్మవారు పోస్తే

ఈ కాలంలోనే ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వీధి వీధి తిరుగుతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా బడికి పంపకూడదు. ఇంట్లో గర్భిణులుంటే, నెలల పిల్లలుంటే వేరుగా ఉంచండి. గుమ్మానికి వేపమండలు కట్టుకోండి, పెద్దల మనసు కుదుటపడుతుంది. కానీ స్నానం మాన్పించొద్దు, గోరువెచ్చని నీళ్లు పోసి అద్ది తుడవండి. గోళ్లు కత్తిరించండి, దురదకి కాలమైన్ పూయండి. జ్వరానికి బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసెటమాల్ ఇవ్వండి. ఆస్పిరిన్ అసలు వద్దు, ఐబుప్రోఫెన్ కూడా వద్దు. ఊపిరి వేగమైనా, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచినా, పిల్ల మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి టీకా ఉంది. ప్రభుత్వం ఉచితంగా వేసేవాటిలో లేదు కాబట్టి ఏడాది నిండాక పిల్లల డాక్టర్ని మనమే అడగాలి.

8. సాయంత్రానికి ముంజకాయల బండి

ఏప్రిల్‌లో తాటి ముంజలు దిగుతాయి. చిన్నవాళ్లకి పొట్టు తీసి సన్నగా కోసి పెట్టండి, ముదిరి గట్టిపడ్డవి గొంతుకి అడ్డం పడతాయి. తిన్నాక కాయలు పారేయకండి. ఒకే సైజువి రెండు ఏరి, జానెడున్నర పొడవు పుల్ల ఒకటి రెండు కాయల మధ్యలోంచీ దూర్చితే అది ఇరుసు. బాబు భుజం ఎత్తు పంగల కర్ర చూసి, పంగను ఇరుసు మీద ఆనించి తోస్తే బండి పరుగే. కర్ర చివర మొనదేలి ఉంటే పెద్దవాళ్లే చెక్కాలి. నాలుగున్నరకి వీధిలో నీడ పడ్డాక వదలండి, కాలవ వైపు కాకుండా గుడి వైపు.

రెండు మూడు రోజులకి కాయలు ఎండి ముడుచుకుపోతాయి, బండి ఊగుతుంది. అప్పుడు మళ్లీ ఇంకో గెల ముంజలు తెచ్చుకోవాల్సిందే.