ఇంట్లోనే హైగెయిన్ డిస్టార్షన్ పెడల్ తయారు చేసుకోవడం ఎలా?

ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే, కాలితో నొక్కే పెట్టె డిస్టార్షన్ పెడల్. అందులో హైగెయిన్ రకం అనగానే గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క) పెంచడమే పని అనుకుంటారు చాలామంది. ఒక రెసిస్టర్ మారిస్తే గెయిన్ పెరుగుతుంది, అదేమంత గొప్ప విద్య కాదు. ధ్వనిని కోయడానికి, అంటే తరంగపు శిఖరాలను కత్తిరించడానికి, ముందు బాస్ ఎంత తగ్గించాలి, కోశాక ట్రెబుల్ ఎంత తగ్గించాలి అన్న దగ్గరే పనితనమంతా ఉంది. ఈ రెండూ కుదరని పెడల్ ఎంత గర్జించినా ఏ స్వరం మీటారో వినేవాళ్లకు అర్థం కాదు.

విశాఖలో సామాన్లకు పెద్దగా ఇబ్బంది లేదు. ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల పుణ్యమా అని డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో టీఎల్072 ఐసీ (సంకేతాన్ని పెంచే చిప్), దాని 8 పిన్నుల సాకెట్, 1ఎన్4148 డయోడ్లు, ఎర్ర ఎల్ఈడీలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు అడగవచ్చు. గెయిన్ కోసం 500 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) లేదంటే 470 తీసుకోండి, తేడా చెవికి తెలియదు. తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్చి, 6.35 మి.మీ. జాక్‌లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలు. పేరున్న ర్యాట్ డిస్టార్షన్ పెడల్‌లో ఉండేది కదా అని ఎల్ఎం308 ఐసీ కోసం వెతుకుతూ కూర్చోకండి. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఆ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి.

మొదట అంతా బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చి అమర్చే పలక) మీదే అమర్చండి. 9 వోల్టుల ప్లస్‌ను 100 ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఐసీ 8వ పిన్‌కు, మైనస్‌ను 4వ పిన్‌కు కలిపి, ఆ రెండింటి మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీని సగం చేసి, ఆ 4.5 వోల్టుల బిందువు నుంచి గ్రౌండ్‌కు 47 మైక్రోఫారడ్ వేయండి. సంకేతం కిందికీ పైకీ ఊగడానికి ఇదే మధ్యరేఖ.

గిటార్ సంకేతం 0.047 మైక్రోఫారడ్ గుండా 3వ పిన్‌కు చేరాలి. అక్కడి నుంచి మధ్యరేఖకు 1 మెగా ఓమ్ ఉండాలి. 1, 2 పిన్నుల మధ్య గెయిన్ పాట్ పెట్టి, దానికి సమాంతరంగా 47 పికోఫారడ్ వేయండి. ఇది లేకపోతే పెడల్ ఈల వేయవచ్చు. 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వరుసగా కలపండి. పెడల్ స్వభావాన్ని నిర్ణయించేది ఈ చిన్న జంటే. సుమారు 720 హెర్ట్జ్ దిగువన గెయిన్ తగ్గుతూ పోతుంది. పాట్ పూర్తిగా తిప్పినప్పుడు పై స్వరాలు 200 రెట్లకు పైగా పెరిగితే, 82 హెర్ట్జ్ పలికే లావు తీగ 24 నుంచి 26 రెట్లే పెరుగుతుంది. అరచేత్తో తీగలను నొక్కిపట్టి వేగంగా మీటితే ప్రతి దెబ్బా విడిగా వినిపించేది అందుకే. ఇంకా బరువు కావాలంటే 0.1 తీసి 0.22 పెట్టి వినండి. నాకైతే 0.1 చాలు.

1వ పిన్ నుంచి 0.1 మైక్రోఫారడ్, 2.2 కిలో ఓమ్‌లు దాటాక, గ్రౌండ్‌కు రెండు 1ఎన్4148 డయోడ్లను సమాంతరంగా, ఒకదాని దిశకు మరొకటి వ్యతిరేకంగా కలపండి. తరంగపు శిఖరాలు 0.6 వోల్టుల దగ్గర తెగిపోతాయి. దాన్ని మరో 0.1 మైక్రోఫారడ్‌తో 5వ పిన్‌కు పంపి, అక్కడి నుంచి మధ్యరేఖకు 470 కిలో ఓమ్‌లు వేయండి. 6, 7 పిన్నుల మధ్య 100 కిలో ఓమ్‌లు, సమాంతరంగా 100 పికోఫారడ్ ఉండాలి. 6వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 4.7 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వరుసగా రావాలి. ఇక్కడ గెయిన్ 22 రెట్లు. 0.6ను 22తో గుణిస్తే 13 వోల్టులు దాటుతుంది, ఉన్నది 9 వోల్టులే కాబట్టి ఐసీయే రెండోసారి కోస్తుంది.

7వ పిన్ తర్వాత 1 మైక్రోఫారడ్, 2.2 కిలో ఓమ్‌లు, ఆపై గ్రౌండ్‌కు అలాగే సమాంతరంగా, వ్యతిరేక దిశల్లో రెండు ఎర్ర ఎల్ఈడీలు. గదిలో దీపం తీసి గట్టిగా మీటి చూడండి, అవి మినుకుమంటాయి. అక్కడి నుంచి 22 కిలో ఓమ్‌ల టోన్ పాట్, 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరుసగా కలిపి, చివర గ్రౌండ్‌కు 0.01 మైక్రోఫారడ్ వేయండి. ఆ తర్వాత 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్. కోత వల్ల పుట్టే గరగరను ఈ టోన్ పాటే మింగుతుంది.

గిటార్ తగిలించే ముందు మల్టీమీటర్‌తో 1, 5, 7 పిన్నులు చూడండి, 4.5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. 3వ పిన్ దగ్గర కొంచెం తక్కువ కనిపిస్తే కంగారు పడకండి, మెగా ఓమ్ వెనక నుంచి కొలుస్తున్నాం కాబట్టి అది సహజం. 1 లేదా 7 దగ్గర 9 గానీ సున్నా గానీ వస్తే ఎక్కడో వైరు తప్పింది.

బోర్డు మీదికి మార్చి సోల్డర్ చేసేటప్పుడు ఇన్‌పుట్, అవుట్‌పుట్ వైర్లను ఎడమొహం పెడమొహంగా ఉంచండి. మొత్తం గెయిన్ 4,700 రెట్లు దాటుతోంది, రెండూ ఆనుకుంటే కీచుమంటుంది. ఇన్‌పుట్‌కు షీల్డు వైరు వాడండి. పెట్టె అల్యూమినియందైతే రంధ్రాలు సులువుగా పడతాయి, దాన్ని గ్రౌండ్‌కు కలపడం మరవకండి. ప్లాస్టిక్ డబ్బా హమ్‌ను ఆపలేదు.

ఫుట్‌స్విచ్చి మధ్య వరుసలో ఒక కాలికి ఇన్‌పుట్ జాక్, ఇంకోదానికి అవుట్‌పుట్ జాక్ కలపండి. ఒక పక్క వాటి ఎదుటి కాళ్లకు బోర్డు ఇన్‌పుట్, అవుట్‌పుట్ వస్తాయి. రెండో పక్క ఆ రెండు కాళ్లనూ ఒకే వైరుతో కలిపేయండి. మిగిలిన మూడు కాళ్లు సూచిక దీపానికి. అడాప్టర్ వాడితే మధ్య మైనస్ ఉన్న 9 వోల్టుల డీసీదే తీసుకోండి.

సముద్రపు గాలికి జాక్‌లు, బ్యాటరీ క్లిప్పులు త్వరగా తుప్పు పడతాయి. సోల్డర్ అయ్యాక మిగిలిన ఫ్లక్స్‌ను (అతుకు పట్టడానికి వాడే జిగురులాంటి పదార్థం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి, వాడనప్పుడు పెడల్‌ను సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. మొదటిసారి వాయించేటప్పుడు గెయిన్ సగం, టోన్ సగం, వాల్యూమ్ బాగా తక్కువలో పెట్టి మొదలుపెట్టండి. ఎల్ఈడీల కోత తర్వాత వచ్చే సంకేతం గిటార్ ఇచ్చేదానికన్నా చాలా పెద్దది.