అమ్మ పెట్టె: దుబాయ్, షార్జాలకు వచ్చే పెద్దవాళ్ళ కోసం

మాది జగిత్యాల. పదకొండేళ్ళుగా షార్జాలో ఉంటున్నాను. ఈ పదకొండేళ్ళలో అమ్మ మూడుసార్లు, అత్తమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళారు. తెలిసినవాళ్ళ అమ్మానాన్నలను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. అందుకే ఎవరైనా "మా అమ్మ వస్తోంది, ఏం జాగ్రత్తలు చెప్పాలి?" అని అడిగితే నేను మొదట వీసా గురించి చెప్పను. పెట్టె గురించి చెప్తాను.

పోయినసారి అమ్మ బయలుదేరే ముందు రోజు రాత్రి వీడియో కాల్‌లో తమ్ముడితో పెట్టె తెరిపించాను. ఈసారి ఒడిబియ్యం షార్జాలోనే పోస్తానని అమ్మ పట్టు. ఎర్ర జాకెట్ గుడ్డలో కట్టిన మూట విప్పితే పసుపు కలిపిన బియ్యం, ఖర్జూరాలు, వక్కలు, అయిదు కుడుకలు, తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు. నా గుండె గుభేలుమంది. తమలపాకులు, పాన్ సామగ్రి యూఏఈలోకి తేకూడని వస్తువుల జాబితాలో ఉన్నాయి. కుడుకలను ఇక్కడిదాకా రానివ్వరు, చెక్-ఇన్ సామానులో కనిపిస్తే మన దగ్గరే ఆపేస్తారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని ఆ నిబంధన. అంటే పెట్టె మన ఎయిర్‌పోర్టులోనే తెరవాల్సి వస్తుంది, విమానం టైమ్ దగ్గర పడుతుంటే పెద్దవాళ్ళకు అదో టెన్షన్.

"ఒడిబియ్యంల కుడుకలు లేకుంటే ఎట్ల బిడ్డా?" అంది అమ్మ. కుడుకలు ఇక్కడి కొట్లోనే కొంటానని, ఆకులు, వక్కలు మాత్రం వద్దే వద్దని చెప్పి తీయించాను.

అసలు ప్రమాదం ఆ మూటలో లేదు, దాని పక్కనున్న మసాలా డబ్బాలో ఉంది. అమ్మ ఇంట్లో కొట్టిన కోడికూర మసాలాలో గసగసాలు వేస్తుంది. విడిగా ఒక చిన్న పొట్లం కూడా పెట్టింది. మనకు అది వంటింటి దినుసు. ఇక్కడ అది నల్లమందు మొక్క గింజ, నిషేధిత పదార్థం. గసగసాలతో దొరికి జైలుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. "గింతంత గసాలకు గంత భయమా?" అని అమ్మ నవ్వింది. భయమే అమ్మా. మసాలా పొడిలో కలిసినా, లడ్డూ మీద చల్లినా, బేకరీ బన్ను మీద అతికినా వద్దు. ఇంట్లో కొట్టిన పొడుల్లో ఏం వేశారో ఒక్కొక్కటీ అడిగి మరీ పెట్టండి. గుట్కా, నమిలే పొగాకు నాన్న జేబులో మిగిలి ఉంటాయి, చొక్కాలు కూడా ఒకసారి దులపండి.

ఇంకొకరి పొట్లం సంగతీ ఇంతే. మా వీధిలోని ఒకావిడ "మా చిన్నోడు కూడా షార్జాలనే ఉంటడు, గీ డబ్బా జర ఇయ్యి" అని అమ్మ చేతిలో టేపు చుట్టిన డబ్బా పెట్టింది. విప్పి చూద్దామని తమ్ముడు అంటే ఆవిడ నొచ్చుకుంది. విప్పించాను. మామిడికాయ తొక్కు, అప్పాలు, కింద కవర్లో పేరు లేని మాత్రలు నాలుగు షీట్లు. అబ్బాయి నడుము నొప్పికి పంపిందట, చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ కస్టమ్స్ వాళ్ళకు ఉద్దేశం కనిపించదు, ఎవరి పెట్టెలో దొరికిందో అదే కనిపిస్తుంది. తొక్కు, అప్పాలు తెచ్చాం, మాత్రలు తిరిగి ఇచ్చేశాం. మొహమాటం ఒక్క రోజే ఉంటుంది, కేసు అలా కాదు.

మందుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన పెద్దవాళ్ళు వాడే కొన్ని మామూలు మాత్రలు ఇక్కడ కంట్రోల్డ్ మందులు, అంటే ముందస్తు అనుమతి లేకుండా తేకూడనివి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర కోసం రాసే ఆల్ప్రజోలమ్ లాంటివి చాలామందికి తెలుసు. తెలియనిది ప్రీగాబాలిన్. షుగర్ ఉన్నవాళ్ళకు అరికాళ్ళ మంటలకు మన డాక్టర్లు మిథైల్‌కోబాలమిన్‌తో కలిపి రాసే మాత్రలో ఉండేది అదే. అమ్మ దాన్ని "బలం గోలి" అంటుంది! అందుకే పేరు చూసి కాదు, షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూసి సర్దండి. కంట్రోల్డ్ మందు తప్పనిసరైతే ప్రయాణానికి చాలా ముందే యూఏఈ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో అనుమతికి దరఖాస్తు పెట్టాలి. డాక్టర్ చీటీ, జబ్బు వివరం అడుగుతారు. లేదా మీ డాక్టరుతోనే మాట్లాడి వేరే మందు కుదురుతుందేమో కనుక్కోండి. మామూలు బీపీ, షుగర్ మాత్రలైనా ఉండే రోజులకు సరిపడా మాత్రమే, ఎక్కువలో ఎక్కువ మూడు నెలలకు. షీట్లు కత్తిరించి డబ్బాలో పోయకండి, పేరున్న షీటుగానే ఉంచి ఇంగ్లీషులో రాయించిన చీటీ చేతిసంచిలో పెట్టండి.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు గడువు వచ్చే రోజుకు కనీసం ఆరు నెలలు ఉండాలన్నది అందరికీ తెలిసిందే. మన పెద్దవాళ్ళకు వచ్చే చిక్కు ఇంటిపేరు. పాత పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఒక్క పేరే ఉంటుంది. 2022 నవంబరు నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద యూఏఈకి రానివ్వడం లేదు. చివరి పేజీలో తండ్రి పేరు లేదా కుటుంబం పేరు ఉంటే ఒప్పుకుంటామని తర్వాత చెప్పారు. అయినా టికెట్ కొనే ముందే విమాన సంస్థను అడిగి తేల్చుకోండి. అత్తమ్మ పాస్‌పోర్టులో ఇలాగే ఉంటే మేం ఇంటిపేరు చేర్పించి కొత్తది తీసుకున్నాం. ఆలస్యమైంది కానీ మనశ్శాంతి దొరికింది.

విజిట్ వీసా సాధారణంగా 30 రోజులకో 60 రోజులకో ఉంటుంది. ఏజెంటు పంపిన పీడీఎఫ్‌ను నమ్మి ఊరుకోవద్దు. దుబాయ్ ఇచ్చిన వీసా అయితే జీడీఆర్‌ఎఫ్‌ఏ (దుబాయ్ ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో, మిగతా ఎమిరేట్లదైతే ఐసీపీ (యూఏఈ కేంద్ర ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడండి. పేరు స్పెల్లింగు, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి. రిటర్న్ టికెట్, ఉండబోయే ఇంటి అడ్రస్, ఇక్కడుండే పిల్లల ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) కాపీ ప్రింటు తీసి ఇవ్వండి. విజిట్ మీద వచ్చేవాళ్ళను ఖర్చులకు 3,000 దిర్హాములు చూపించమని 2024లో గట్టిగా అడగడం మొదలైంది. నగదైనా, కార్డైనా చూపించగలగాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. దిగిన రోజే క్యాలెండర్ మీద ఆఖరి తేదీని ఎర్ర పెన్నుతో చుట్టండి, మనవళ్ళతో ఉంటే రోజులు గుర్తుండవు.

టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి. నడవగలిగినవాళ్ళకు కూడా అడగమనే అంటాను. దుబాయ్ ఎయిర్‌పోర్టులో నడక ఎక్కువ, పైగా ఇంగ్లీషు, హిందీ రాని మనిషికి తోడు ఒకరు ఉండి ఇమిగ్రేషన్ దాటించి బయటిదాకా తెస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం దాటవేయొద్దు, అందులో బీపీ, షుగర్ ఉన్నాయని నిజం రాయండి. ఇక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే పడే బిల్లు మామూలుగా ఉండదు.

ఇక్కడ దిగాక రోడ్డు దాటడమే నాకు ఎక్కువ భయం. మన ఊళ్ళో చెయ్యెత్తి దాటేసే అలవాటు. ఇక్కడ బండ్లు చాలా వేగంగా వస్తాయి, దాటడానికి కేటాయించని చోట దాటితే దుబాయ్‌లో 400 దిర్హాములు జరిమానా. కారులో వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి. మెట్రోలో తినడం, తాగడం కుదరదు, ఆడవాళ్ళ పెట్టెలోకి నాన్న ఎక్కితే 100 దిర్హాములు. సంచిలోంచి సర్వపిండి తీసి మనవడికి పెట్టబోయిన అమ్మ చేయి పట్టుకుని ఆపింది నేనే.

ఫోటోల విషయంలో మరీ జాగ్రత్త. బురఖా వేసుకున్న ఆడవాళ్ళు, పక్కింటి పిల్లలు, ఎయిర్‌పోర్టు అధికారులు మన వీడియోలో పడకూడదు. ఒకరి అనుమతి లేకుండా ఫోటో తీసి పెట్టడం 2021 నాటి సైబర్ చట్టం కింద నేరం, జరిమానాయే లక్షా యాభై వేల దిర్హాముల నుంచి మొదలు. ఊరి గ్రూపులో కోపంగా తిట్టు పెట్టడం కూడా ఇక్కడ కేసే. గుడికనీ, ఎవరి వైద్యానికనీ చందాలు పోగుచేయడానికి కూడా అనుమతి ఉండాలి.

ఎండాకాలంలో వస్తే మధ్యాహ్నం బయట తిరగొద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు బయట ఎండలో పనిచేసే కార్మికులకే మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా పని ఆపుతారు. పెద్దవాళ్ళను తీసుకురావడానికి నవంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది. వాట్సాప్ కాల్స్ ఇక్కడ పనిచేయవు, మెసేజ్‌లు మాత్రమే వెళ్తాయి. ఊరి నుంచి బయలుదేరే ముందే ఇద్దరి ఫోన్లలో కాల్స్ కోసం బోటిమ్ యాప్ వేసుకోండి.

ఒక మాట పెద్దవాళ్ళకు కాదు, మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పిల్లలకు. "విజిట్ మీద పో తమ్మీ, అక్కడ దిగినంక వీసా మారుస్తరు" అనే ఏజెంటును నమ్మకండి. విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా కాంట్రాక్టు అంటూ ఏదీ ఉండదు. ఏజెంటు పేరు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగితే అక్కడే ఆగిపోండి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థే టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగండి. రోలా పార్కు దగ్గర బెంచీ మీద కూర్చుని, టికెట్‌కు డబ్బుల్లేక ఏడ్చే మన పిల్లలను చూశాను. వాళ్ళు మోసపోయింది షార్జాలో కాదు, ఊళ్ళోనే.

ఇవన్నీ చెప్పినా అమ్మకు గుర్తుండవని నాకు తెలుసు. అందుకే ఒక కాగితం రాసి, లామినేషన్ చేయించి, ఆమె నడుముకు చెక్కుకునే వక్కల సంచిలో పెట్టాను. వక్కలు తీయించాక ఖాళీగా ఉందిగా. తెలుగులో పెద్ద అక్షరాలతో నా నంబరు, మా ఆయన నంబరు, బిల్డింగు పేరు. కింద అవే ఇంగ్లీషులో. పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపకం 997. పాస్‌పోర్టు పోయినా, ఇంకేదైనా కష్టం వచ్చినా మన కాన్సులేట్ వాళ్ళ సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342. వెనక వైపు ఆమె మందుల పేర్లు, బ్లడ్ గ్రూపు. ఒకసారి షాపింగ్ మాల్‌లో మా నుంచి తప్పిపోయినప్పుడు అమ్మ కంగారు పడకుండా ఆ కాగితం తీసి అక్కడున్న మలయాళీ సెక్యూరిటీ అబ్బాయికి చూపించింది. పది నిమిషాల్లో నాకు ఫోన్ వచ్చింది.