‘కొరత’కు సరైన ఇంగ్లీషు మాటను ఎంచుకోవడం ఎలా?

తెలుగులో ‘కొరత’ అని ఉన్న ప్రతిచోటా ఇంగ్లీషులో ‘షార్టేజ్’ అని రాస్తే, వ్యాకరణం చెడకపోయినా అర్థం చాలాసార్లు పక్కదారి పడుతుంది. అనువాదకులు, ఇంగ్లీషులో వ్యాసాలు రాసే విద్యార్థులు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ తక్కువైంది దేనితో పోలిస్తే తక్కువ? గిరాకీతోనా, లెక్క ప్రకారం ఉండవలసిన మొత్తంతోనా, శరీరానికి కావలసిన పోషకంతోనా? జవాబును బట్టి మాట మారుతుంది.

గిరాకీకి సరఫరా చాలనప్పుడు ‘షార్టేజ్’ అనాలి. సాగు మొదలైన వేళ యూరియా దొరకకపోవడం, ఆసుపత్రిలో నర్సులు చాలకపోవడం ఇలాంటివి. సరుకు వస్తే, నియామకాలు జరిగితే అవి తీరిపోతాయి. ‘స్కేర్సిటీ’ అంత తేలికగా తీరేది కాదు. కొండలు వాన మేఘాలను అడ్డుకోవడం వల్ల వానలు తక్కువగా పడే వర్షచ్ఛాయా ప్రాంతమైన అనంతపురంలో తరతరాలుగా ఉన్న నీటి పరిస్థితి స్కేర్సిటీ అయితే, అదే ఊళ్లో ట్యాంకర్ రాని వారం రోజుల ఇబ్బంది షార్టేజ్. ఆర్థికశాస్త్రంలో ఈ తేడా మరింత కచ్చితంగా ఉంటుంది. పలు విధాలుగా వాడుకోగల సాధనాలు మనిషి లక్ష్యాలన్నింటికీ చాలినన్ని లేకపోవడమే స్కేర్సిటీ అన్న భావన మీదనే బ్రిటిష్ ఆర్థికవేత్త లయొనెల్ రాబిన్స్ 1932లో ఆ శాస్త్రాన్ని నిర్వచించాడు. ధర పెరగనిస్తే షార్టేజ్ సర్దుకోవచ్చు గానీ, ఎంత సంపన్న దేశంలోనైనా స్కేర్సిటీ ఉంటూనే ఉంటుంది.

‘డెఫిసిట్’, ‘డెఫిషియెన్సీ’ల విషయంలో తెలుగే మనకు దారి చూపుతుంది: మొదటిది లోటు, రెండోది లోపం. అంకెల్లో చెప్పగల తరుగు డెఫిసిట్, కాబట్టి ద్రవ్యలోటుకు ఆ మాటే సరిపోతుంది. ఒక వ్యవస్థ సరిగా పనిచేయడానికి కావలసినది తగ్గితే డెఫిషియెన్సీ, కాబట్టి ఐరన్, విటమిన్ల విషయంలో అదే వాడాలి. వానల వార్తల్లో మాత్రం ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. సాధారణం కన్నా వర్షపాతం 20 నుంచి 59 శాతం తగ్గిన జిల్లాను భారత వాతావరణ శాఖ ‘డెఫిషియెంట్’ వర్గంలో చేరుస్తుంది. ఎంత తగ్గిందో ఆ పరిమాణం డెఫిసిట్.

నిద్ర, ధైర్యం, ఆసక్తి, ఆధారాల వంటివి లేనప్పుడు, లేదా చాలనప్పుడు ‘ల్యాక్’ సహజంగా ఇముడుతుంది. దీన్ని క్రియగా వాడేటప్పుడు పక్కన ‘ఆఫ్’ చేర్చకూడదు. మన విద్యార్థుల రాతల్లో తరచుగా కనిపించే ఈ తప్పును ఉపాధ్యాయులు పట్టుబట్టి దిద్దవలసి ఉంది.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే మాట ‘వాంట్’. స్కాండినేవియాలో ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాష నుంచి వచ్చిన ఈ మాటకు లేకపోవడమే తొలి అర్థం. కోరుకోవడం అన్న అర్థం తర్వాత ఏర్పడింది. ‘ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్’ అని కోర్టు తీర్పులో కనిపిస్తే, అక్కడ ఎవరూ సాక్ష్యాన్ని కోరుకోవడం లేదు, సాక్ష్యం లేదని అర్థం. నామవాచకంగా ఇది పేదరికపు లేమిని కూడా చెబుతుంది. 1941 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రకటించిన నాలుగు స్వేచ్ఛలలో ‘ఫ్రీడమ్ ఫ్రమ్ వాంట్’ ఒకటి. 1942లో బ్రిటన్‌లో సామాజిక భద్రతపై వెలువడిన బెవరిడ్జ్ నివేదిక పేర్కొన్న అయిదు మహాపీడలలోనూ వాంట్ ఉంది. వీటిని ‘కోరికల నుంచి విముక్తి’ అని అనువదిస్తే, ఆకలి గురించి చెప్పిన మాట వైరాగ్య బోధగా మారిపోతుంది. ‘లేమి నుంచి విముక్తి’ అనడమే సరైనది.

‘స్కేర్స్’, ‘రేర్’ అన్న విశేషణాలను కలపకూడదు. మామూలుగా దొరికేది దొరకనప్పుడు స్కేర్స్, ఎప్పుడూ అరుదుగానే ఉండేది రేర్. కరువు కాలంలో బియ్యం స్కేర్స్ అవుతుంది గానీ రేర్ కాదు. ‘డెర్త్’కు మన ‘కొదవ’ దగ్గరగా ఉంటుంది, పైగా రెండూ ‘లేదు’తో కలిసి తరచుగా వస్తాయి: ప్రతిభకు కొదవ లేదు అన్న వాక్యాన్ని ‘నో డెర్త్ ఆఫ్ ట్యాలెంట్’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. ‘పాసిటీ’ని మాత్రం సమాచారం, ఆధారాలు బాగా తక్కువగా ఉన్నాయని చెప్పే పరిశోధన పత్రాలకు, నివేదికలకు ఉంచుకోవడం మంచిది.